అలాంటివేం లేవు కదమ్మా?

వైజాగ్ ఎం.వి.పి. కాలనీ నుంచి ఒక రిటైర్డ్ తెలుగు టీచరుగారు సలహా అడుగుతూ ఫుల్‌స్కేప్ కాగితాల మీద నాకు ఎనిమిది పేజీలు రాశారు. గుర్తుపట్టే వివరాలు తీసేసి విషయం మాత్రం చెబుతాను.

ఆమె వయసు 63. భర్త పోయి తొమ్మిదేళ్లు. ఒక్కడే కొడుకు, న్యూజెర్సీలో ఉంటాడు. భర్త పోయిన ఏడాది రాత్రిళ్లు నిద్ర లేక, తెల్లవారుజామున గుండె దడతో లేచి కూర్చుంటూ ఉంటే తోటి టీచరు ఒకావిడ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. బోర్డు మీద సైకియాట్రిస్ట్ అనే ఉంది. ఇరుగుపొరుగుకి మాత్రం ఈమె చెప్పేది ‘నరాల డాక్టరు’ అని. అప్పటి నుంచి రోజుకో ఎస్సిటాలోప్రామ్ మాత్ర, దిగులుకీ ఆందోళనకీ ఇచ్చే మందు. దాంతో కుదుటపడ్డారు, రిటైరయ్యేదాకా బడికి నాగా పెట్టలేదు. కొడుక్కి ఈ సంగతి తెలియదు.

కిందటి వేసవిలో అమెరికా వెళ్లారు. మాత్రల స్ట్రిప్పులు అట్టపెట్టెల్లోంచి తీసి వక్కపొడి డబ్బాలో సర్దుకున్నారు. రెండో నెలలో బేస్‌మెంట్ మెట్ల మీద జారి పడితే మోకాలు వాచింది. కొడుకు దగ్గర్లోని క్లినిక్‌కి తీసుకెళ్లాడు. ఇంటర్‌ప్రెటర్ కావాలా అని అక్కడివాళ్లు అడిగితే “అక్కర్లేదు, నేనున్నాగా” అన్నాడు. ఈమె తలూపారు. నర్సు ఏవేవో అడుగుతుంటే కొడుకు తెలుగులో చెబుతున్నాడు. ఒక ప్రశ్న దగ్గర నవ్వేశాడట: “ఇంట్లో నీకు ఎవరి వల్లా భయం లేదు కదా అని అడుగుతోందమ్మా.” ఈమె కూడా నవ్వారు. తర్వాత డాక్టరు, ఈమె వాడే మందులన్నీ చెప్పమన్నాడు. బీపీ, థైరాయిడ్ చెప్పారు. “నిద్రకి గానీ, మనసు బాగోలేకపోతే గానీ ఏమైనా వేసుకుంటావా అంటున్నాడు. అలాంటివేం లేవు కదమ్మా?” అన్నాడు కొడుకు. “లేవు” అన్నారు.

నొప్పికి ట్రమడాల్ రాశారు. ఆ రాత్రి రెండో మాత్ర పడ్డాక చేతులు వణికాయి, ఒళ్లంతా చెమటలు, గుండె దడ, కూర్చోలేరు, పడుకోలేరు. ఎవరికీ వినపడకూడదని బాత్రూంలో కుళాయి తిప్పి, ఆ చప్పుడులో కూర్చున్నారు. మర్నాడు “నొప్పి తగ్గిపోయింది” అని ట్రమడాల్ పక్కన పడేసి, వారం రోజులు కుంటుతూనే వంట చేశారు. వంటగదిలో కోడలు రెండుసార్లు అడిగింది: “అత్తయ్యా, ఇంకేమైనా మందులు వాడుతున్నారా?” రెండుసార్లూ లేదనే చెప్పారు.

వచ్చే మార్చిలో కోడలికి పురుడు. మళ్లీ వెళ్లాలి, ఈసారి ఐదారు నెలలు. ఆమె అడుగుతున్నది ఇది: “వెళ్లేలోపు మాత్రలు మానేస్తే ఈ గొడవే ఉండదు కదా? లేదంటే అక్కడి డాక్టరుతో ఒంటరిగా మాట్లాడనిస్తారా? మాట్లాడితే వాడికి తెలియకుండా ఉంటుందా? వీసాకి ఇబ్బందా? ఫోన్లో తెలుగు మనిషిని ఇస్తారట, ఆ మనిషి మన వైజాగ్ మనిషైతే?” చివర, సంతకం కింద ఒక్క వాక్యం: “ఈ ఫ్లాట్ అమ్మేసి వచ్చేయమని వాడు రెండేళ్లుగా అంటున్నాడు.”

టీచరుగారూ,

మిగతావన్నీ తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఆ మాత్రలు మానేసే ఆలోచన మానండి. తొమ్మిదేళ్లుగా వేసుకుంటున్న ఎస్సిటాలోప్రామ్‌ని ఒక్కసారిగా ఆపితే తల తిరగడం, వికారం, చిరాకు, పీడకలలు, తలలో కరెంటు షాక్ కొట్టినట్టుండడం లాంటివి రావచ్చు. పైగా ఏ దిగులు కోసం మొదలుపెట్టారో అది మళ్లీ రావచ్చు. అదీ ఎక్కడ? పసిబిడ్డ ఉన్న ఇంట్లో, నిద్ర సరిగ్గా లేని రోజుల్లో, మీకంటూ ఒక స్నేహితురాలు కూడా లేని ఊళ్లో. నిజంగా తగ్గించాలనుకుంటే మీ డాక్టరు కొన్ని వారాల మీదో, నెలల మీదో మోతాదు దించుతూ వస్తారు. అది ఆరోగ్యం చూసి తీసుకోవాల్సిన నిర్ణయం. కొడుకు అడుగుతాడేమోనన్న భయంతో తీసుకునేది కాదు.

నేను డాక్టర్ని కాను. ఆ రాత్రి మీకు వచ్చింది ఫలానా అని తేల్చలేను. కానీ ఎస్సిటాలోప్రామ్ మెదడులో సెరటోనిన్ అనే పదార్థం ప్రభావాన్ని పెంచుతుంది. ట్రమడాల్ నొప్పి మందే గానీ, అదీ కొంత ఆ పనే చేస్తుంది. రెండూ కలిస్తే వణుకు, చెమటలు, దడ, స్థిమితం లేకపోవడం రావచ్చు. ముదిరితే జ్వరం, మూర్ఛ దాకా వెళ్లొచ్చు. మీరు బాత్రూంలో కుళాయి తిప్పుకుని కూర్చున్న ఆ గంటలో స్పృహ తప్పి ఉంటే, అంబులెన్సు వాళ్లకి మీ కొడుకు ఏం చెప్పేవాడు? “బీపీ, థైరాయిడ్” అనే కదా. ఈసారి మోకాలి నొప్పి కోసం డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు ఇక్కడే, వైజాగ్‌లోనే, ఆ రాత్రి సంగతి ఉన్నదున్నట్టు చెప్పండి.

ఇప్పుడు ఆ గదిలోకి వద్దాం. మీ అబ్బాయి మీద నాకు కోపం రాలేదు. వాడు పెరిగింది మన ఓపీల్లో. మన దగ్గర డాక్టరు ఒకరికి బీపీ చూస్తుంటే ఇంకో ఇద్దరు చీటీలు పట్టుకుని భుజం మీంచి తొంగిచూస్తారు. అటెండరు తలుపు తీసి “షుగర్ రిపోర్టు ఎవరిదండీ” అని హాలంతా వినపడేలా అరుస్తాడు. పేషెంటు నోరు తెరిచేలోపు వెంట వచ్చిన బావమరిది జబ్బు చరిత్ర అంతా చెప్పేస్తాడు. అది మనకి తప్పుగా తోచదు, అదే అండగా తోస్తుంది. ఆ అండే మీవాడు న్యూజెర్సీలోనూ ఇచ్చాడు. వచ్చిన చిక్కల్లా ఒకటే. డాక్టరు వేసిన ప్రశ్నకి తోకగా “లేవు కదమ్మా” అన్న జవాబు వాడే తగిలించాడు. నలభై పిల్లల క్లాసు నడిపిన మీకు తెలుసు, “అర్థమైంది కదా?” అని అడిగితే చెయ్యెత్తే పిల్ల ఉండదు.

“ఇంట్లో భయం లేదు కదా” అన్న ప్రశ్న చూడండి. అక్కడ చాలా క్లినిక్కుల్లో అది అందరినీ అడుగుతారు, ఇంట్లో హింసకి గురవుతున్నవాళ్లు ఎవరైనా ఉంటే బయటపడతారని. దాన్ని ఇంట్లోవాళ్లే అనువాదం చేస్తే ఇక అడిగి ఏం లాభం? మీ విషయంలో అది నవ్వులాటే. అయితే ఆ ప్రశ్న కోసమే అక్కడ మనిషిని కాసేపు ఒంటరిగా కూర్చోబెట్టే అలవాటు ఉంది. మీ కోడల్ని కూడా ఈ నెలల్లో ఒక్కసారైనా మొగుణ్ణి బయటికి పంపి ఏదో ఒకటి అడిగి ఉండొచ్చు. కాబట్టి మీరు ఒంటరిగా మాట్లాడతానంటే అక్కడ ఎవరూ వింతగా చూడరు, మీవాణ్ణి అనుమానించరు.

అక్కడి పద్ధతి స్థూలంగా ఇది. రోగి వివరాల గోప్యతకి 1996లో వచ్చిన చట్టం ఒకటుంది, హిపా అంటారు. దాని కింద డాక్టరు మీ సంగతులు మీవాళ్లతో మాట్లాడాలంటే మీ ఒప్పుదల ఉండాలి. కానీ ఇక్కడే మెలిక ఉంది. మీవాళ్లు పక్కనే కూర్చుని ఉండగా మీరు వద్దనకపోతే, ఒప్పుకున్నట్టే లెక్క వేసుకోవచ్చు. కిందటిసారి మీ తలూపు అదే. అంటే చట్టం మీ వెనక నిలబడుతుంది గానీ, మీ బదులు నోరు తెరవదు. ఆ ఒక్క మాట మీరే అనాలి.

దానికి అనువైన చోటు ఉంది. డాక్టరు రాకముందు నర్సు లోపలికి పిలిచి బరువు, బీపీ చూస్తుంది. పేరు పిలవగానే కొడుకు లేవకముందే మీరు లేచి, “నువ్వు కూర్చో నాన్నా, అవసరమైతే పిలుస్తాను” అనండి. లోపల నర్సుతో రెండు ముక్కలు చాలు: “ఐ వాంట్ టు టాక్ అలోన్. తెలుగు ఇంటర్‌ప్రెటర్ ప్లీజ్.” తెలుగు పండిట్‌నన్న మొహమాటం పెట్టుకోకండి, ఈ పాటి ఇంగ్లిష్ మనందరికీ వచ్చు. మెడికేర్ లాంటి ప్రభుత్వ డబ్బు అందుకునే ఆసుపత్రులు, క్లినిక్కులు ఇంగ్లిష్ సరిగ్గా రానివాళ్లకి ఇంటర్‌ప్రెటర్‌ని ఉచితంగా ఏర్పాటు చేయాలి. వెంట వచ్చిన చుట్టంతోనే సరిపెట్టుకోమని మిమ్మల్ని బలవంతపెట్టకూడదు. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే చెబితే ఇంకా తేలిక.

ఆ ఇంటర్‌ప్రెటర్ మన ఊరి మనిషైతే అన్నారు. కావచ్చు. మన తెలుగువాళ్లు లేని చోటంటూ అక్కడ ఏముంది గనక! కానీ ఎక్కువగా వాళ్లు ఫోన్లోనో వీడియోలోనో ఇంకెక్కడి నుంచో మాట్లాడతారు. విన్నది బయటికి చెప్పకూడదన్నది ఆ వృత్తికి మొదటి నియమం. మీ పేరు వాళ్ల ముందు పలకవద్దని డాక్టరుని అడగొచ్చు, వీడియో వద్దు ఫోన్ చాలనొచ్చు, ఆడమనిషి కావాలనొచ్చు. ఇంకో చిన్న సంగతి. మీరు గాభరా అన్నప్పుడు మీవాడు ‘టెన్షన్’ అని చెప్పాడని రాశారు. గాభరాకీ టెన్షన్‌కీ ఉన్న తేడా మీకు నేను చెప్పాలా? గాభరా గుండెల్లో పుడుతుంది, టెన్షన్ ఆఫీసులో పుడుతుంది. ఇంటర్‌ప్రెటర్ ఏ జిల్లా మనిషైనా సరే, ఒక్క మాట చెప్పి ఊరుకోకుండా ఒంట్లో ఏం జరుగుతుందో విడమర్చి చెప్పండి.

అన్నిటికంటే గట్టి దారి కాగితం. మీ డాక్టరుతో మీరు వాడే మందులన్నీ జెనరిక్ పేర్లతో (అంటే అసలు మందు పేర్లతో), మోతాదులతో, ఎప్పటి నుంచి వాడుతున్నారో కలిపి ఒక పేజీ మీద రాయించుకోండి. మన బ్రాండ్ పేర్లు అక్కడివాళ్లకి తెలియవు. ఒక కాపీ పర్సులో, ఒకటి పాస్‌పోర్టు కవర్‌లో పెట్టుకోండి. నర్సు చేతికి మడిచి ఇస్తే చాలు, మాటే అక్కర్లేదు. వక్కపొడి డబ్బా మాత్రం ఇంట్లోనే వదిలేయండి. మందులు సొంత పెట్టెల్లో, ప్రిస్క్రిప్షన్‌తో ఉండాలి. మూడు నెలలకి సరిపడా తెచ్చుకోవచ్చన్నది అక్కడ సాధారణంగా చెప్పే లెక్క. మీరు అంతకంటే ఎక్కువ ఉంటారు కాబట్టి మిగతా నెలలకి ఏం చేయాలో బయల్దేరకముందే డాక్టరుతో తేల్చుకోండి.

వీసా భయం వదిలేయండి. ఆ ఫారంలో అడిగేది మీకు గానీ ఇతరులకి గానీ ప్రమాదం తెచ్చిపెట్టే రుగ్మత ఉందా అని. మాత్ర వేసుకుంటూ వంటా వార్పూ చూసుకునే మనిషి గురించి కాదు ఆ ప్రశ్న.

కొడుక్కి తెలియకుండా ఉంటుందా అన్న ప్రశ్నకి మాత్రం అంత ధైర్యంగా చెప్పలేను. గదిలో గోప్యత దొరుకుతుంది. గది బయట కాగితాలు నడుస్తాయి. అక్కడ చాలా క్లినిక్కులకి పేషెంట్ పోర్టల్ అని ఇంటర్నెట్‌లో రోగి ఖాతా ఉంటుంది, డాక్టరు రాసిన నోట్సు, మందుల పట్టీ అన్నీ అందులోకి వచ్చేస్తాయి. కిందటిసారి మీ ఖాతాకి ఇచ్చిన ఈమెయిల్ ఎవరిది? మీవాడిదే అయి ఉంటుంది. ఫలానా నంబరుకే ఫోన్ చేయండి, ఫలానా చోటికే కాగితాలు పంపండి అని మీరు కోరితే వాళ్లు వీలైనంతవరకు మన్నించాలి. కానీ విజిటర్ ఇన్సూరెన్స్ మీవాడు కట్టినదైతే ఆ క్లెయిము కాగితాలు వాడి దగ్గరికే పోవచ్చు. ఇవన్నీ మూసుకుంటూ వచ్చినా, కారెక్కాక “ఏమడిగారమ్మా లోపల?” అంటాడు కదా. “ఆడవాళ్ల విషయాల్లే” అంటే ఆ పూటకి నోరు మూస్తాడు. మర్నాడు నిండు చూలాలైన కోడలు మీకు గైనకాలజిస్ట్ అపాయింట్‌మెంట్ తీసేస్తుంది.

కాబట్టి ఎవరికీ చెప్పకుండా కాగితంతో, ఇంటర్‌ప్రెటర్‌తో నెట్టుకురావడం అన్నది జరిగే పనే. అందులో ప్రాణభయం పోతుంది. ఐదారు నెలలు జాగ్రత్తగా మెలగాల్సిన బరువు మాత్రం మీ మీదే ఉంటుంది. తొమ్మిదేళ్లు మోశారు, ఇంకో ఆరు నెలలు మోయగలరు, కాదనను. అది మీ హక్కు కూడా.

కోడలికి ఒక్కదానికే చెప్పడం ఇంకో దారి. ఆ పిల్ల రెండుసార్లు ఎందుకు అడిగిందంటారు? ట్రమడాల్ సీసాతో పాటు ఫార్మసీ వాళ్లు ఇచ్చిన కాగితం చదివి ఉండొచ్చు, వక్కపొడి డబ్బా తీసి చూసి ఉండొచ్చు, రాత్రి కుళాయి చప్పుడు విని ఉండొచ్చు. ఏమీ తెలియకుండా మామూలుగా అడిగి ఉండొచ్చు కూడా. తెలిసే అడిగిందనుకుంటే, మొగుడి ముందు కాకుండా వంటగదిలో, ఇద్దరే ఉన్నప్పుడు అడిగింది. ఆ మర్యాద నాకు నచ్చింది. అయినా ఆమెకి మాత్రమే చెప్పి “వాడికి చెప్పకు” అనడం నాకు అంతగా ఇష్టం లేదు. పురిటి ముందు ఆ పిల్ల మీద ఇంకొకరి రహస్యం పెట్టినట్టవుతుంది. రేపు బయటపడితే మొగుడు అడిగేది ఆమెనే: “నీకు ముందే తెలుసా?”

కొడుక్కి చెప్పడం గురించి మాట్లాడేముందు ఆ చివరి వాక్యం సంగతి చూద్దాం. మీరు దీన్ని పరువు సమస్యగా రాశారు. వైజాగ్‌లో పెరిగినవాళ్లెవరికైనా అది తెలుసు. మానసిక ఆసుపత్రి ఉన్న పాపానికి చినవాల్తేరు అన్న పేట పేరునే వేళాకోళం చేసుకున్న ఊరు మనది. మీ ఎం.వి.పి. కాలనీకి కూతవేటు దూరం. మీవాడు కూడా చిన్నప్పుడు స్నేహితుల్ని “నిన్ను చినవాల్తేరు పంపాల్రా” అని ఏడిపించే ఉంటాడు. కానీ నాకు అనిపించేది వేరు. వాడు మిమ్మల్ని చులకన చేస్తాడని మీకు భయం లేదు. “అమ్మ ఒక్కతే ఉండకూడదు” అంటాడని భయం. ఆ మాత్ర సంగతి తెలిసిన మర్నాడే ఫ్లాట్ బేరానికి పెడతాడని భయం. రైతు బజారులో మీరు ఏరుకునే లేత బెండకాయలు, సాయంత్రం లాసన్స్ బే దాకా నడక, ఆ నడకలో కలిసే ఇద్దరు పాత టీచర్లు, వీటన్నిటికీ మీరు కాపలా కాస్తున్నారు. కాయండి, తప్పేం లేదు. కాకపోతే కాపలా ఒకచోట, తాళం ఇంకోచోట వేస్తున్నారు.

చెప్పదలచుకుంటే ఇక్కడుండగానే చెప్పండి. క్లినిక్‌లో కాదు, వాడి కారులో కాదు, వాడి ఇంట్లో కాదు. వాడు శనివారం పొద్దున మీకు ఫోన్ చేసినప్పుడు, మీ హాల్లో మీ కుర్చీలో కూర్చుని చెప్పండి. ఫ్లాట్ సంగతి కూడా మీరే ఎత్తండి, వాడు ఎత్తేదాకా ఆగవద్దు. “తొమ్మిదేళ్లుగా ఈ మాత్ర వేసుకుంటున్నాను. ఈ మాత్ర వేసుకుంటూనే ఉద్యోగం చేశాను, ఒక్కదాన్నే ఉన్నాను, బాగున్నాను. ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, అక్కడ రాసిన నొప్పి మందు దీనికి పడలేదు. ఫ్లాట్ అమ్మడానికీ దీనికీ సంబంధం లేదు” అనండి. మాటలు మీవి వాడుకోండి, వరస మాత్రం ఇదే ఉంచండి.

వాడు కంగారుపడతాడు. ఆ రాత్రంతా ఇంటర్నెట్‌లో చదివి పొద్దున్నే ఇరవై ప్రశ్నలు పంపుతాడు. “నాకెందుకు చెప్పలేదు” అని రెండు రోజులు మూతి ముడుచుకోవచ్చు. “లేవు కదమ్మా” అన్నది తనేనని గుర్తొస్తే ఇంకా బాధపడతాడు. ఆ బాధని మీరు సర్దిచెప్పే పని పెట్టుకోకండి, వాణ్ణే సర్దుకోనివ్వండి. మీ డాక్టరుతో మాట్లాడతానంటే, మీరు పక్కనుండగా వీడియో కాల్‌లో మాట్లాడనివ్వొచ్చు, వద్దనొచ్చు కూడా. మన దేశంలోనూ 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం మీ చికిత్స వివరాలకి గోప్యత ఇచ్చింది. ప్రాణాపాయం లాంటి కొన్ని సందర్భాల్లో తప్ప, కొడుకు ఫోన్ చేశాడని డాక్టరు మీ వివరాలు చెప్పేయకూడదు. ఎంత చెప్పొచ్చో డాక్టరుకి ముందే చెప్పి ఉంచండి.

చెప్పినా వాడు ఫ్లాట్ పట్టు వదలకపోవచ్చు. అప్పుడు కనీసం మీరిద్దరూ ఫ్లాట్ గురించే పోట్లాడుకుంటారు, మోకాలి నొప్పిని అడ్డం పెట్టుకుని కాకుండా. చెప్పాక కూడా క్లినిక్‌కి వెళితే వాణ్ణి బయటే కూర్చోబెట్టండి. కొడుక్కి తెలిసినంత మాత్రాన డాక్టరు గదిలో మీ కుర్చీ పక్కన ఇంకో కుర్చీ వేయాలనేం లేదు.

ఎవరికీ చెప్పబుద్ధి కాక, లోపల తొలిచేస్తూ ఉంటే 14416కి చేయండి. ప్రభుత్వం 2022లో పెట్టిన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయ లైను, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు.

ఇక మోకాలు. ట్రమడాల్ పడలేదని మందుల షాపుకి వెళ్లి వేరే నొప్పి బిళ్ల అడిగి తెచ్చుకోకండి. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి ఎస్సిటాలోప్రామ్‌తో కలిస్తే కడుపులో రక్తస్రావం ముప్పు పెరుగుతుంది, మీ బీపీకీ అవి మంచివి కావు. ఏది వేసుకోవచ్చో, ఏది అసలు వద్దో మీ డాక్టరుని అడిగి, ఇందాక చెప్పిన కాగితం కిందే రాయించుకోండి.